నాయకత్వము నేర్వదగిన విద్య: పంచాయతీ సభ్యులకు ప్రవర్తనా శాస్త్రము తెలుపు పాఠములు

“పుట్టుకతో వచ్చిన బుద్ధి పుడకలతో గాని పోదు” అను సామెత మన పల్లెలలో తరచుగా వినబడుచుండును. ఫలానావారు ఎన్నడును ఇంటిపన్ను సకాలమున కట్టరు. ఫలానా వీధివారు చెత్తను మురుగు కాలువలోనే పోయుదురు. ఫలానా వార్డు సభ్యురాలికి నలుగురిలో నోరు పెగలదు. ఇది వారి స్వభావమనియు, దానిని మార్చుట ఎవరి తరమును గాదనియు తలచి పెద్దలు ఊరకుండుట కద్దు. నాయకత్వమును గూర్చియు ఇట్టి భావమే ప్రబలియున్నది. నాయకుడు పుట్టవలెనే గాని తయారు కాడనియు, ఆ గుణము కొన్ని యిండ్లకే సొత్తనియు అనేకుల నమ్మకము.

ఈ నమ్మకము నిజమే యైనచో గ్రామ పంచాయతీకి చేయదగిన పని మిక్కిలి స్వల్పము. 1993వ సంవత్సరము ఏప్రిల్ 24వ తేదీన అమలులోనికి వచ్చిన 73వ రాజ్యాంగ సవరణము వలన సామాన్య కుటుంబములకు చెందిన లక్షలాది స్త్రీపురుషులకు దేశమంతటను పంచాయతీలలో స్థానము లభించినది. స్త్రీలకు మూడింట ఒక వంతునకు తక్కువ గాకుండ స్థానములు కేటాయింపవలెనని ఆ సవరణము శాసించినది. ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రాష్ట్రములలో ఆ వంతు సగమునకు పెరిగినది. ఇట్లు ఎన్నికైన వారిలో పెక్కుమంది యిండ్లలో అంతకు పూర్వము సభలో కూర్చుండి తీర్మానము చేసినవారే లేరు. నాయకత్వము పుట్టుకతోనే రావలసినదైనచో వీరి ఎన్నిక వట్టి లాంఛనమగును. అది నేర్వదగిన విద్యయే యైనచో దానిని నేర్చుకొనుట వీరి హక్కును, బాధ్యతయు నగును.

ఈ రెంటిలో ఏది సత్యమో తేల్చుకొనుటకు నూరేండ్లకు పైబడి మనస్తత్వ శాస్త్రజ్ఞులు చేయుచున్న పరిశోధనలు మనకు తోడ్పడును. వానిలో ముఖ్యమైన కొన్నింటిని ఇచట వివరించి, అవి పంచాయతీ పనులకు ఎట్లు అన్వయించునో తెలుపుచున్నాము.

ఫలితమును బట్టి ప్రవర్తన

అమెరికా దేశమున థారన్‌డైక్ అను శాస్త్రజ్ఞుడు 1898వ సంవత్సరమున పిల్లులపై చేసిన ప్రయోగములను ప్రకటించెను. ఆకలిగొన్న పిల్లిని ఒక పెట్టెలో నుంచి, దాని యెదుట వెలుపల ఆహారము పెట్టెడివాడు. పెట్టె తలుపు తెరచుకొనవలెనన్న లోపల నున్న తాటిని లాగుటయో, మీటను నొక్కుటయో జరుగవలెను. మొదట పిల్లి గీరెను, అరచెను, ఇటునటు పెనుగులాడెను. ఏదో యొక క్షణమున తాడు లాగబడి తలుపు తెరచుకొనెను. మరల మరల అదే పెట్టెలో నుంచినప్పుడు వ్యర్థపు పెనుగులాట క్రమముగా తగ్గి, తాటిని లాగుట త్వరగా జరుగసాగెను. సంతృప్తికరమైన ఫలితమునిచ్చు పని బలపడుననియు, అట్టి ఫలితము నీయని పని సడలిపోవుననియు ఆయన సిద్ధాంతీకరించెను.

రష్యా దేశమున పావ్‌లోవ్ అను శరీరశాస్త్రవేత్త కుక్కలకు ఆహారము పెట్టుటకు ముందు ఒక శబ్దమును వినిపించుచు, కొంతకాలమునకు శబ్దము విన్నంతనే వాని నోట లాలాజలము ఊరుటను గమనించెను. 1913వ సంవత్సరమున అమెరికా శాస్త్రజ్ఞుడు వాట్సన్, మనస్తత్వ శాస్త్రము మనుష్యుని లోపలి భావములను ఊహించుట మాని, కంటికి కనబడు ప్రవర్తననే పరిశీలింపవలెనని ప్రకటించెను. ఈ మార్గమునకే ప్రవర్తనావాదమని పేరు. పిమ్మట స్కిన్నర్ అను పండితుడు 1938వ సంవత్సరమున ప్రకటించిన గ్రంథమునందును, తరువాతి రచనలయందును ఏ ప్రవర్తన వెంట మంచి ఫలితము వచ్చునో ఆ ప్రవర్తన స్థిరపడుననియు, శిక్ష యన్నది ప్రవర్తనను కొంతకాలము అణచునే గాని క్రొత్త మంచి అలవాటును నేర్పదనియు వివరించెను.

పిల్లులకును, కుక్కలకును, పంచాయతీకిని ఏమి సంబంధమని చదువరులు అడుగవచ్చును. సంబంధము చాల దగ్గరిదే. ఒక పంచాయతీ కార్యాలయమును ఊహించుకొందము. వీధిదీపము వెలుగలేదని ఒకడు వచ్చి కేకలు వేయగా ఆ సాయంకాలమే దీపము మార్పించిరి. ఇంకొక వార్డునుండి ఒక ఇల్లాలు నెమ్మదిగా వచ్చి అర్జీ వ్రాసి యిచ్చినది. నెల గడచినను సమాధానము లేదు. ఆ పంచాయతీ ఆ ఊరివారికి తెలియకయే రెండు పాఠములను నేర్పినది: కేకలు వేసినచో పని జరుగును, మర్యాదగా అడిగినచో జరుగదు. మరుసటి యేడు గ్రామసభలో కేకలు ఎక్కువైనవని సభ్యులు వగచినచో, అది జనుల స్వభావమని తలచుట పొరపాటు. అది వారు నేర్చుకొనిన ప్రవర్తన; నేర్పినది పంచాయతీయే.

సకాలమున పన్ను కట్టినవానికి రసీదు తప్ప ఒక మంచిమాటయైనను దక్కక, ఏండ్ల తరబడి ఎగవేసినవానికి మాత్రము బతిమాలుటయు, రాయితీయు దక్కుచున్నచో, ఫలితమేమగునో వేరుగా చెప్పనక్కర లేదు. కావున ప్రతి సభ్యుడును తన్ను తాను ప్రశ్నించుకొనవలసిన మొదటి ప్రశ్న యిది: మన పంచాయతీ ఏ ప్రవర్తనకు ఫలితము నిచ్చుచున్నది? దేనిని గమనింపక వదలివేయుచున్నది?

గుంపు కట్టడి

మనుష్యుడు ఒంటరిగా బ్రతుకువాడు కాడు. తన తోడివారు ఏమనుకొందురో యను భావము అతని ప్రవర్తనను నిరంతరము నడుపుచుండును. దీనిని వెల్లడించిన పరిశోధనలలో షికాగో నగరము చెంత సిసెరో యందలి హాతారన్ కర్మాగారమున జరిగినవి ప్రసిద్ధములు. టెలిఫోను పరికరములను చేయు ఆ కర్మాగారమున 1924వ సంవత్సరమున దీపముల వెలుతురు పెంచినచో ఉత్పత్తి పెరుగునా యను పరీక్షతో పని మొదలైనది. వెలుతురునకును ఉత్పత్తికిని స్పష్టమైన సంబంధమేదియు తేలలేదు. 1927వ సంవత్సరమున కొద్దిమంది యువతులను ప్రత్యేకపు గదిలో నుంచి, విశ్రాంతి సమయమును, పని గంటలను మార్చుచు పరిశీలించిరి. అనుకూలమైన మార్పులలోనే గాక, ఇచ్చిన విశ్రాంతిని తీసివేసిన కాలమునందును ఉత్పత్తి హెచ్చుగనే యుండెను. తమ్ము అడిగి, తమ మాట విని, తమ పనిని శ్రద్ధగా గమనించుటయే ఇందులకు కారణమని హార్వర్డు విశ్వవిద్యాలయపు ఆచార్యుడు ఎల్టన్ మేయోయు, ఆయన సహచరులును అభిప్రాయపడిరి. తరువాతి పండితులు ఈ నిర్ణయమును అంతటితో అంగీకరింపలేదు. ఆ గదిలోని వారికి కూలి లెక్కించు పద్ధతి మారుటయు, నడుమ ఇద్దరిని తొలగించి వేరొక ఇద్దరిని చేర్చుటయు గూడ ఫలితమునకు కారణములై యుండవచ్చునని వారు ఎత్తి చూపిరి. ఆదరణ యొక్కటియే చాలునని గాని, కూలి యొక్కటియే చాలునని గాని చెప్పుటకు వీలు లేదన్నమాట.

అదే కర్మాగారమున 1931–32 సంవత్సరములలో పదునలుగురు పురుషులు పనిచేయు వేరొక గదిని పరిశీలించిరి. ఎక్కువ పని చేసినచో ఎక్కువ ఆదాయము వచ్చు ఏర్పాటు ఉన్నను వారు తమలో తాము ఒక హద్దు పెట్టుకొనిరి. హద్దు మీరి పనిచేయువానిని ఎగతాళి చేసిరి, భుజముపై గ్రుద్దిరి. మరీ తక్కువ చేయువానిని గూడ నిందించిరి. పై యధికారులకు చెప్పువానిని వెలివేసినట్లు చూచిరి. యజమాని వ్రాసిన నియమమున కన్న తోడివారి వ్రాయని కట్టడియే బలవత్తరమైనది.

మన యూళ్లలో ఇది క్రొత్త సంగతి కాదు. “నలుగురితో నారాయణా” అను మాటలో నున్నది ఇదియే. ఒక వీధిలో పది యిండ్లవారు తడిచెత్తను, పొడిచెత్తను వేరుచేసి యిచ్చుచున్నచో పదునొకండవ యింటివారు సిగ్గుపడి చేయుదురు. పది యిండ్లవారును కాలువలో పోయుచున్నచో మంచి చేయదలచిన ఇల్లాలు వెఱ్ఱిదాని వలె కనబడును. కావున సభ్యుడు ఒక్కొక్కరిని వేరువేరుగా మందలించుటకు మారుగా, ఆ వీధిలో ఎవరి మాట చెల్లునో, ఎవరిని చూచి తక్కినవారు నడుచుకొందురో కనిపెట్టి, వారితో మొదట మాటలాడుట మేలు.

నాయకుడు గది విడిచిన పిదప

ఇక నాయకత్వమును నేరుగా పరీక్షించిన ప్రయోగమునకు వత్తము. కర్ట్ లెవిన్ జర్మనీలో ఆచార్యుడుగా నున్న యూదుడు. హిట్లరు అధికారమునకు వచ్చిన 1933వ సంవత్సరమున స్వదేశము విడిచి అమెరికా చేరెను. నిరంకుశ పాలన ఎట్టిదో కన్నులార చూచిన యాయనకు, నాయకుని తీరును బట్టి జనుల ప్రవర్తన ఎట్లు మారునో తెలిసికొనవలెనను తపన సహజమే. ఐయొవా విశ్వవిద్యాలయమున ఆయనయు, ఆయన సహచరులు లిపిట్, వైట్ అనువారును 1938 ప్రాంతమున పది, పదునొకండు సంవత్సరముల బాలురతో ఐదుగురేసి చొప్పున చిన్న క్లబ్బులను ఏర్పరచిరి. మాస్కులు చేయుట, సబ్బుబిళ్లలను చెక్కి బొమ్మలు చేయుట వంటి పనులు వారికి అప్పగించిరి. ఒక్కొక్క క్లబ్బునకు పెద్దవాడొకడు నాయకుడు. కొన్ని వారములకొకమారు నాయకుడును, నాయకత్వపు తీరును మారుచుండెను.

మొదటి తీరు నిరంకుశము. ఏ పని చేయవలెనో, ఎవరితో కలసి చేయవలెనో నాయకుడే నిర్ణయించును. తరువాతి మెట్టు ఏమో బాలురకు ముందుగా తెలియనీయడు. రెండవది ప్రజాస్వామికము. పనిని గూర్చి అందరును చర్చింతురు. సందేహము వచ్చినచో నాయకుడు రెండు మూడు మార్గములు చూపును, నిర్ణయము వారిదే. మెప్పును, తప్పును గూర్చి చెప్పునప్పుడు కారణమును గూడ చెప్పును. మూడవది ఉదాసీనము. నాయకుడు వస్తువులిచ్చి ఊరకుండును. అడిగినచో చెప్పును, లేనిచో దేనిలోను కలుగజేసికొనడు.

ఫలితములు గమనింపదగినవి. నిరంకుశ నాయకుని క్రింద కొన్ని క్లబ్బుల బాలురు తమలో తాము కలహించుకొనిరి. బలహీనునిపై అందరును పడిరి. మొదటి ప్రయోగమున ఇట్లు వేధింపబడిన ఇద్దరు బాలురు క్లబ్బునే విడిచిపోయిరి. మరికొన్ని క్లబ్బులలో బాలురు నోరెత్తక అణగి మణగి యుండిరి. అట్లు అణగియున్నవారు నాయకుడు ఎదుట నున్నంతసేపు నూటికి సుమారు 74 పాళ్ల కాలము పనిలోనే గడపిరి. నాయకుడు గది విడిచి వెలుపలికి పోగానే అది సుమారు 29 పాళ్లకు పడిపోయెను. ప్రజాస్వామిక క్లబ్బులో నాయకుడున్నప్పుడు 50 పాళ్లు; అతడు వెలుపలికి పోయిన పిదపను 46 పాళ్లు. అనగా పని దాదాపు తగ్గనేలేదు. ఉదాసీన నాయకుని క్రింద పనియు తక్కువ, నాణ్యమును తక్కువ. ఇరువది మంది బాలురలో పందొమ్మిదిమంది నిరంకుశ నాయకునికంటె ప్రజాస్వామిక నాయకుడే తమకు నచ్చెనని చెప్పిరి.

ఇచట రెండు సంగతులు గుర్తింపవలెను. మొదటిది: నాయకుని ఎదుట జరిగిన పనిని బట్టి మాత్రమే చూచినచో నిరంకుశ నాయకుడే గెలిచినట్లు కనబడును. అందుచేతనే తనిఖీ దినమున మిలమిల మెరయు వీధిని చూచి మోసపోరాదు. రెండవది: అధికారము చెలాయింపక ఊరకుండుటయే ప్రజాస్వామ్యమని తలచుట తప్పు. ఉదాసీనత వేరు, ప్రజాస్వామికత వేరు. ఏ నిర్ణయమును చేయక, ఎవరికిని చెడ్డగాకుండ కాలము గడపు సర్పంచి మంచివాడనిపించుకొనవచ్చును. పని మాత్రము సాగదు.

గ్రామమున నాయకుడు గది విడుచుట యనగా నేమి? అధికారికి బదిలీ అగును. సర్పంచికి ఐదేండ్ల గడువు తీరును. పథకమునకు కేటాయించిన ద్రవ్యము ముగియును. ఆ మరునాడు రక్షిత మంచినీటి ట్యాంకును ఎవరు కడుగుదురు? నాటిన మొక్కలకు ఎవరు నీరు పోయుదురు? 1952వ సంవత్సరము అక్టోబరు 2వ తేదీన ఆరంభమైన సమాజ వికాస పథకమును పరిశీలించిన బల్వంతరాయ్ మెహతా సంఘము 1957లో చెప్పిన ముఖ్య విషయమును ఇట్టిదే. ప్రజలలో స్వయంగా పూనుకొను చొరవను ఆ పథకము తగినంతగా మేల్కొల్పలేకపోయినదని ఆ సంఘము గుర్తించి, ఎన్నికైన స్థానిక సంస్థలకు అధికారమును, ద్రవ్యమును అప్పగింపవలెనని సిఫారసు చేసినది. ఆ సిఫారసు ననుసరించియే 1959లో రాజస్థానమునందును, ఆంధ్రప్రదేశమునందును పంచాయతీరాజ్యము ఆరంభమైనది.

ఉపన్యాసమా, ఉమ్మడి నిర్ణయమా?

రెండవ ప్రపంచ యుద్ధకాలమున అమెరికాలో మంచి మాంసము సైన్యమునకు పంపవలసి వచ్చుటచేత, గృహిణులు సాధారణముగా వండని గుండె, మూత్రపిండములు మొదలగు భాగములను వండునట్లు చేయవలసిన యవసరము కలిగెను. వానియందు వారికి ఏవము. ఈ పనిలోను లెవిన్ ఒక పరీక్ష చేసెను. పదుముగ్గురు మొదలు పదునేడుగురు వరకు గల ఆరు స్త్రీల బృందములను తీసికొని, మూడు బృందములకు నిపుణులచే చక్కని ఉపన్యాసము లిప్పించెను. పోషక విలువలు, యుద్ధావసరము, వంట విధానము అన్నియు వివరించి, అచ్చు వేసిన కాగితములను గూడ పంచిపెట్టిరి. తక్కిన మూడు బృందములలో సంగతి క్లుప్తముగా చెప్పి, “మనవంటి ఇల్లాండ్రు దీనిని చేయుటకు అడ్డంకులేమి?” అను ప్రశ్నపై వారినే చర్చింపనిచ్చిరి. భర్తలు తినరనియు, వండునపుడు వాసన వచ్చుననియు వారు చెప్పుకొనిరి. అప్పుడే నిపుణురాలు ఉపాయములు చెప్పెను. చివరకు వచ్చే వారములో ఎవరు ప్రయత్నింతురో చేతులెత్తుడని అడిగిరి. రెండు విధములైన సమావేశములకును పట్టిన కాలము ఒక్కటియే, నలుబదియైదు నిమిషములు.

తరువాత విచారింపగా ఉపన్యాసము విన్నవారిలో నూటికి ముగ్గురు మాత్రమే అంతకు ముందు వండని భాగమొకటి వండిరి. చర్చించి చేయెత్తినవారిలో నూటికి ముప్పదిరెండుగురు వండిరి.

ప్రచారమే వృత్తిగా గల మావంటివారు ఈ లెక్కను గోడపై వ్రాసి పెట్టుకొనదగును. కరపత్రము, ఉపన్యాసము, చాటింపు ఇవి వార్తను చేర్చును, అలవాటును మార్చవు. మార్పునకు మూడు మెట్లు కావలెను. జనులు తమ అడ్డంకిని తామే నోరార చెప్పవలెను. ఆ యడ్డంకికి అచటనే ఉపాయము వెదకవలెను. పిదప తోడివారి యెదుట తమంతట తాము ఒప్పుకొనవలెను. మన గ్రామసభ సక్రమముగా జరిగినచో ఈ మూడు మెట్లును అందులోనే యున్నవి. కార్యదర్శి నివేదిక చదువుటయు, అందరును సంతకములు, వేలిముద్రలు వేసి వెడలుటయు మాత్రమే జరిగినచో, అది కాగితముపై గ్రామసభ, ఫలితమున ఉపన్యాసమే.

నాయకుడు చేయు రెండు పనులు

నాయకులకు మాత్రమే యుండు ప్రత్యేక లక్షణములేవో కనుగొనవలెనని చాలకాలము పండితులు ప్రయత్నించిరి. స్టాగ్‌డిల్ అను పరిశోధకుడు 1948వ సంవత్సరమున అట్టి పరిశీలనల నన్నిటిని సమీక్షించి, కొన్ని లక్షణములున్నంత మాత్రమున ఎవడును అన్ని చోటులను నాయకుడు కాజాలడని తేల్చెను. అప్పటినుండి నాయకుడు ఎట్టివాడు అను ప్రశ్న వెనుకబడి, నాయకుడు ఏమి చేయును అను ప్రశ్న ముందునకు వచ్చినది. అమెరికాలోని ఒహాయో రాష్ట్ర విశ్వవిద్యాలయమున నాయకుల ప్రవర్తనలను వందల కొలది ప్రశ్నలతో పరిశీలించి, అవి ముఖ్యముగా రెండు విధములని కనుగొనిరి. మొదటిది పనికి రూపము కల్పించుట: ఎవరు, ఏమి, ఎప్పటిలోగా చేయవలెనో స్పష్టపరచుట. రెండవది మనుష్యులను ఆదరించుట: వారి మాట వినుట, కష్టము నెరుగుట, గౌరవించుట. ఈ రెండును ఒకదానికొకటి శత్రువులు కావు. ఒకే మనుష్యునిలో రెండును హెచ్చుగా నుండవచ్చును. బ్లేక్, మూటన్ అనువారు 1964వ సంవత్సరమున ఈ రెంటిని అడ్డముగను, నిలువుగను గీచి, ఏ నాయకుడు ఏ గడిలో నున్నాడో చూచుకొనుటకు ఒక పటము నిర్మించిరి.

1960వ సంవత్సరమున మెక్‌గ్రెగర్ అను ఆచార్యుడు మరియొక సూక్ష్మమును చెప్పెను. మనుష్యులు సోమరులు, తరిమినగాని పనిచేయరు అని నమ్ము నాయకుడు వారిని అట్లే నడుపును. వారును తుదకు అట్లే తయారగుదురు. బాధ్యత నిచ్చినచో మోయగలరని నమ్ము నాయకుడు వారికి బాధ్యత నిచ్చును, చాలమంది మోయుదురు. “మా ఊరివారు మారరు” అను మాటను ఏ సభ్యుడైన పలుకునపుడు, ఆ మాటయే మార్పునకు అడ్డు కాగలదని గుర్తుంచుకొనవలెను.

ఒక చిన్న దృష్టాంతము. మహిళా సభ్యురాలు సమావేశమునకు వచ్చినది. ఆమెకు బదులు ఆమె భర్త మాటలాడినాడు. కార్యదర్శి అతని వైపే చూచి సమాధానము చెప్పినాడు. ఇట్లు నాలుగు సమావేశములు గడచినచో, మౌనమే తనకు తగినదని ఆమె నేర్చుకొనును. దీనికి మారుగా అధ్యక్షుడు వార్డులవారీగా పిలిచి, “మీ వార్డు సంగతి మీరే చెప్పుడమ్మా” అని యడిగి, ఆమె చెప్పినదానిని మినిట్సులో వ్రాయించి, తదుపరి సమావేశమున దానిపై ఏమి జరిగినదో చదివి వినిపించినచో, ఆమె నోరు పెగలుటకు వేరు మంత్రము అక్కరలేదు.

కాకినాడలో జరిగిన పరీక్ష

ఈ సిద్ధాంతములన్నియు పరదేశములవే గదా యని కొందరు అనవచ్చును. తెలుగు గడ్డపైనే జరిగిన ప్రసిద్ధమైన పరీక్ష యొకటి కలదు. హార్వర్డు విశ్వవిద్యాలయపు ఆచార్యుడు డేవిడ్ మెక్లెల్లండ్, సాధింపవలెనను కోరికను పెద్దవారికి గూడ శిక్షణ వలన పెంపొందింపవచ్చునా యని పరీక్షింప దలచెను. హైదరాబాదులోని చిన్న పరిశ్రమల విస్తరణ శిక్షణ సంస్థ సహకారముతో, 1964వ సంవత్సరము మొదలు కాకినాడ వ్యాపారులకును, చిన్న పరిశ్రమల యజమానులకును బృందములుగా కొద్దిదినముల శిక్షణము జరిగెను. తమ గురి ఏమో తామే నిర్ణయించుకొనుట, దానికి గల అడ్డంకులను లెక్కించుట, తమ పురోగతిని తామే కొలుచుకొనుట ఇందలి ముఖ్య పాఠములు. ద్రవ్యసహాయ మేదియు ఇయ్యలేదు. తరువాతి కాలమున విచారింపగా, శిక్షణ పొందని తోటి వ్యాపారులకన్న శిక్షణ పొందినవారు హెచ్చుగా క్రొత్త పనులకు పూనుకొనినట్లు తేలెను. ఈ వృత్తాంతమును మెక్లెల్లండును, వింటరును కలసి 1969లో గ్రంథముగా ప్రకటించిరి. పుట్టుకతో వచ్చిన బుద్ధి మారదను మాటకు ఇంతకన్న దగ్గరి సమాధానము వేరొకటి లేదు.

మెక్లెల్లండ్ పరిశోధనలలో వినవచ్చు ఒక చిన్న ఆట గలదు. నేలపై పాతిన మేకుపైకి రింగులను విసరవలెను. ఎంత దూరమున నిలువవలెనో ఎవరి యిష్టము వారిది. సాధింపగోరువారు మరీ దగ్గరగాను నిలువరు, మరీ దూరముగాను నిలువరు. కష్టపడినచో అందునంత దూరమున నిలుతురు. పంచాయతీ తీర్మానమును ఇట్లే యుండవలెను. “గ్రామమును స్వర్గతుల్యము చేయుదము” అను తీర్మానము మిక్కిలి దూరము. “ఉగాది లోపల మూడవ వార్డు కాలువలో చెత్త పడకుండ చేయుదము” అను తీర్మానము అందునంత దూరమున నున్నది. నెరవేరినదో లేదో ఎవరైనను చూచి చెప్పగలరు.

ఈ సిద్ధాంతముల హద్దులు

ఏ శాస్త్రమునైనను దాని హద్దు లెరిగి వాడుకొనవలెను. ఐయొవా ప్రయోగము కొద్దిమంది అమెరికా బాలురతో జరిగినది. కులభేదములు, భూమి తగవులు గల మన గ్రామము అంత సులభమైన గది కాదు. అన్ని వేళలను ఒకే తీరు నాయకత్వము చెల్లదని గూడ తరువాతి పరిశోధకులు చూపిరి. తుపాను హెచ్చరిక వచ్చిన రాత్రి చర్చకు కూర్చుండుట తగదు. పల్లపు వీధులవారిని వెంటనే పాఠశాల భవనమునకు చేర్పుడని ఆజ్ఞాపించుటయే నాయకధర్మము. అయితే ఎవరు ఎవరిని చేర్పవలెనో ముందే చర్చించి నిర్ణయించిన గ్రామమున ఆ రాత్రి ఆజ్ఞ చక్కగా నడచును.

బహుమానములకును హద్దు కలదు. డెసీ అను శాస్త్రజ్ఞుడు 1971లో ప్రకటించిన ప్రయోగమున, తమకు నచ్చి పొడుపు ఆటలు ఆడుచున్న విద్యార్థులలో కొందరికి డబ్బిచ్చెను. డబ్బు నిలిపివేసిన పిదప వారికి ఆ ఆటపై అంతకు ముందున్న ఆసక్తియు తగ్గెను. సంతోషముతో చేయు శ్రమదానమునకు కూలి కట్టినచో, కూలి లేనినాడు శ్రమదానమును ఉండదు. మరుగుదొడ్డికి ఇచ్చు సహాయము దానిని కట్టుటకు తోడ్పడును. వాడుటకు మాత్రము ఆ యింటివారి మనసు ఒప్పుకొనవలెను. మనుష్యుని ఎలుకగనో పావురముగనో చూచి, గింజ చల్లి నడపవచ్చునని తలచువాడు ప్రవర్తనా శాస్త్రమును సగమే చదివినవాడు.

పంచాయతీలో ఆచరింపదగినవి

ఇంతవరకు చెప్పినదానినుండి కొన్ని ఆచరణలు తేలుచున్నవి. మర్యాదగా వచ్చిన ప్రతి అర్జీకి ఒక గడువులోగా సమాధానమిచ్చుట. సకాలమున పన్ను కట్టినవారి పేర్లను గ్రామసభలో గౌరవముతో చదువుట. మంచి పనిని వెంటనే మెచ్చుకొనుట. ఏడాది పిదప చేయు సన్మానమున కన్న ఆనాటి మంచిమాట బలమైనది. తప్పును సరిదిద్దునప్పుడు మనుష్యుని గాక పనినే విమర్శించుట, కారణము చెప్పుట. ప్రతి తీర్మానమునకు పని, వ్యక్తి, గడువు మూడును వ్రాయుట. గ్రామసభలో ఉపన్యాసమును సగము తగ్గించి, “దీనికి అడ్డంకి యేమి?” అను ప్రశ్నకు ఆ కాలమిచ్చుట. చివరకు చేతులెత్తించుట, తదుపరి సభలో ఆ మాటను జ్ఞాపకము చేయుట. ఇవి ద్రవ్యముతో పని లేనివి. ఏ ఉత్తర్వు కొరకును వేచియుండ నక్కరలేనివి.

తదుపరి సమావేశమున చర్చింపదగిన ప్రశ్నలు

1. మన పంచాయతీలో గడచిన మూడు నెలలలో త్వరగా పరిష్కరింపబడిన అర్జీలు ఎవరివి? ఆలస్యమైనవి ఎవరివి? దీనివలన ప్రజలు ఏమి నేర్చుకొనియుందురు?

2. గత సమావేశములో ఒక్కమాటయైనను పలుకని సభ్యులెవరు? వారిని ఎవరైన అడిగిరా?

3. మన గ్రామమున పన్ను, పారిశుద్ధ్యము, బడికి పిల్లలను పంపుట, ఈ మూడింటిలో తోడివారి కట్టడి మంచివైపు ఎచట నున్నది, చెడువైపు ఎచట నున్నది?

4. వచ్చే ఆరు నెలలలో, కష్టపడినచో అందునట్టి గురి యొకటి యేది? నెరవేరినదని ఎట్లు తెలిసికొందుము?

5. నేటి సభ్యులందరును రేపు పదవి విడిచినచో, మనము ఆరంభించిన పనులలో ఏవి తమంతట తాము సాగును? ఏవి ఆగిపోవును? ఆగిపోవు వానిలో ఇప్పుడే ఎవరిని భాగస్వాములను చేయవలెను?

ఈ యైదవ ప్రశ్నకు సభ్యులు వ్రాసికొను సమాధానమును భద్రపరచి, సంవత్సరమునకొకమారు తీసి చదువుకొనవలెనని కోరుచున్నాము. ఆగిపోవు పనుల పట్టిక యేటేట చిన్నదగుచున్నచో, ఆ పంచాయతీ సభ్యులకు నాయకత్వవిద్య అబ్బినట్లే.